తమ్ముడు విడుదల దస్తావేజు పంపాడు, సంతకం పెట్టమంటున్నాడు. ఏం చేయాలి?

గోదారి ఆడపడుచు

మాది పశ్చిమ గోదావరి, ఉండి దగ్గర ఊరు. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చేశాను, కూకట్‌పల్లిలో ఉంటాం. ఒక స్కూల్లో అకౌంట్స్ చూస్తాను. నాన్న పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి ఎలాగూ అందరం ఊళ్లో ఉంటాం కదా అని, ఆ మర్నాటికి రిజిస్ట్రేషన్ స్లాట్ తీసుకున్నాడు తమ్ముడు. నాకు చెప్పింది స్లాట్ తీసుకున్నాకే. వాట్సాప్‌లో డ్రాఫ్టు (నాన్న ఆస్తిలో నా వాటా వాడికి వదులుకుంటున్నట్టు రాసిన కాగితం) పంపి, "అక్కా, ఒకసారి చూసుకో. ఆధార్, పాన్, రెండు ఫొటోలు తెచ్చుకో" అన్నాడు. అంతే.

పొలం మొత్తం మూడున్నర ఎకరాలు. రెండెకరాలు తాతగారి నుంచి వచ్చింది. ఎకరంన్నర నాన్న 1994లో కొన్నది. అంతా చేపల చెరువులే, ఇన్నాళ్లూ లీజుకి ఇచ్చారు. ఇప్పుడు లీజు అయిపోయింది కాబట్టి తనే వనామీ రొయ్యలు వేస్తానంటున్నాడు. బ్యాంకు లోను కావాలి. బ్యాంకు లాయరు కాగితాలన్నీ ఒక్క పేరు మీద ఉండాలన్నాడట. ఫోన్లో నాకు "చెరువు కాగితాలు" అనే చెప్పాడు. డ్రాఫ్టు షెడ్యూలులో, అంటే ఆస్తుల జాబితాలో చూస్తే ఇంటి స్థలం, అందులో ఉన్న పెంకుటిల్లు కూడా ఉన్నాయి.

ఇంకో వాక్యం దగ్గర ఆగిపోయాను. "నాకు ముట్టవలసిన ప్రతిఫలం యావత్తు నేటికి పూర్వమే నగదుగా ముట్టినది" అని ఉంది. నాకేమీ ముట్టలేదు. రోజూ వోచర్లు చూసే దాన్ని, ముట్టని డబ్బుకి ముట్టినట్టు సంతకం పెట్టమంటే చెయ్యి రావడం లేదు.

ఇక రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే మీరంతా వాణ్ణి తిట్టేస్తారు. నాన్నకి కిడ్నీలు పాడయ్యాక వాడు వైజాగ్‌లో ఉద్యోగం వదిలేసి ఊరొచ్చేశాడు. వారానికి రెండుసార్లు భీమవరం డయాలసిస్‌కి తీసుకెళ్లి, నాలుగేసి గంటలు బయట బెంచీ మీద కూర్చుని తీసుకొచ్చేవాడు. రాత్రి ఊపిరాడక నాన్న లేచి కూర్చుంటే వీపు నిమిరింది వాడు. నేను వీడియో కాల్‌లో చూశాను.

2001లో నా పెళ్లికి ఒక ఎకరం అమ్మారు. "నీ వాటా అప్పుడే పట్టుకెళ్లావు కదే" అని పెదనాన్న అన్నారు. తమ్ముడు అనలేదు, కానీ కాదని కూడా అనలేదు. అమ్మేమో "పెట్టేయమ్మా, పుట్టింటి గుమ్మం మూసుకోకు" అంటోంది. మా వారు "నీ పుట్టింటి వ్యవహారం, నీ ఇష్టం" అంటారు, రాత్రి మాత్రం మా ఊరి చుట్టుపక్కల ఎకరం ఎంత పలుకుతోందో యూట్యూబ్‌లో చూస్తుంటారు. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. వచ్చే ఏడాది ఇంజినీరింగ్ ఫీజులు.

డబ్బు అక్కర్లేదని చెప్పను. తమ్ముడు అక్కర్లేదని అసలే చెప్పను. చట్టం ఏమంటుందో తెలిసినవాళ్లు చెప్పండి. ఇలాంటి పరిస్థితిలో మీరు ఎలా నిర్ణయం తీసుకున్నారో కూడా చెప్పండి. "కోర్టుకి వెళ్లండి" అని మాత్రం రాయకండి.

---

తణుకు రైటర్

అమ్మా, జీవితమంతా దస్తావేజులు రాసి ఈమధ్యే మానేసినవాణ్ణి. ముందు మీ కోపం కొంచెం తగ్గించుకోవాల్సిన మాట ఒకటి. ఆ "ముట్టినది" అనే వాక్యం మీ తమ్ముడు రాయించింది కాకపోవచ్చు. మా వాళ్ల కంప్యూటర్లలో పాత మోడల్ ఒకటి ఉంటుంది. పేర్లు, సర్వే నంబర్లు మార్చి ప్రింటు తీస్తారు. ఆ వాక్యం తాతల కాలం నుంచీ అందులో అలాగే ఉంది. అయినా మీరు సంతకం పెడితే మాత్రం అది మీ మాటే అవుతుంది. డబ్బు తీసుకోకుండా ఇస్తుంటే ప్రేమాభిమానాల చేత ఇస్తున్నట్టు రాయించుకోండి. అప్పుడు దస్తావేజు రకం, స్టాంపు లెక్క మారొచ్చు. అది రైటరు చూసుకుంటాడు. అదేం అడ్డంకి కాదు.

ఇల్లు షెడ్యూలులో ఉండటం మాత్రం మోడల్ వల్ల జరగదు. షెడ్యూలు ఎవరో కూర్చుని చెప్తేనే టైపు చేస్తారు. తమ్ముణ్ణి అడగండి. తగువులాగా కాకుండా, "ఇల్లు కూడా పెట్టావేంటి?" అని మామూలుగా అడగండి.

రిజిస్టర్ అయ్యాక "నాకు తెలీక పెట్టాను" అని మీ అంతట మీరు రద్దు చేసుకోవడానికి ఉండదు. మోసమో బలవంతమో జరిగిందని సివిల్ కోర్టులో రుజువు చేయాలి. దానికీ విషయం తెలిసిన నాటి నుంచి మూడేళ్లే గడువు. సబ్ రిజిస్ట్రార్ "ఇష్టపూర్వకంగా ఇస్తున్నారా?" అని అడుగుతాడు. ఆ గదిలో వెనకాల అమ్మ, పెదనాన్న, మరదలు నిలబడి ఉండగా "కాదు" అన్న ఆడపడుచుని నా సర్వీసులో చూడలేదు. అందుకే ఆలోచన అంతా ఆ గది గడప తొక్కకముందే అయిపోవాలి. స్లాట్‌దేముంది, రద్దు చేసుకుని ఇంకో రోజుకి తీసుకోవచ్చు.

అన్నట్టు, అమ్మగారి సంగతి మీరు రాయనే లేదు. ఆవిడ కూడా ఇదే దస్తావేజులో సంతకం పెడుతున్నారా?

---

గోదారి ఆడపడుచు

ఇప్పుడే తీసి చూశాను. అవునండీ. మొదటి పేజీలో "1వ పార్టీ" అని అమ్మ పేరు, "2వ పార్టీ" అని నా పేరు ఉన్నాయి. నా పేరు వెతుక్కునే తొందరలో అమ్మ పేరు మీదుగా వెళ్లిపోయాను.

---

రాజమండ్రి ప్లీడరు

చట్టం అడిగారు కాబట్టి లెక్క చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

నాన్నగారు కొన్న ఎకరంన్నర ఆయన స్వార్జితం. వీలునామా లేదనే అనుకుంటున్నాను. అప్పుడు అమ్మ, మీరు, తమ్ముడు ముగ్గురికీ సమానంగా తలా 50 సెంట్లు. ఇందులో వాదనకి తావు లేదు.

తాతగారి రెండెకరాల దగ్గరే చిక్కు. "తాత ఆస్తి" అనగానే పిత్రార్జితం అని అందరూ అనుకుంటారు. అలా కాదు. ఆ భూమి తాతగారు సొంతంగా సంపాదించుకున్నదై, ఆయన 1956 జూన్ 17 (హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చిన రోజు) తర్వాత వీలునామా లేకుండా పోయి ఉంటే, మీ నాన్నగారికి వచ్చిన వాటా ఆయన సొంత ఆస్తి కిందే లెక్క. అప్పుడు అదీ మూడు సమాన భాగాలే, మీకు సుమారు 66 సెంట్లు. అలా కాకుండా ముత్తాతల నుంచి ఉమ్మడిగా వస్తున్న భూమి అయితే నాన్నగారు, మీరు, తమ్ముడు ముగ్గురూ సమాన వాటాదారులు. నాన్నగారి మూడో వంతు మళ్లీ మీ ముగ్గురికీ చీలుతుంది. అప్పుడు మీకు తొమ్మిదింట నాలుగు వంతులు, అంటే సుమారు 88 సెంట్లు. తమ్ముడికీ అంతే. అమ్మగారికి 22 సెంట్లు.

మొత్తం మీద పొలంలో మీ వాటా ఎకరం 16 సెంట్లకి తగ్గదు, ఎకరం 39 సెంట్లు దాటదు. ఇంటి సంగతి వేరే. ఆ ఇల్లు ఎవరి పేరున, ఎలా వచ్చిందో చూడాలి.

పెళ్లయిన ఆడపిల్లకి హక్కేంటి అని ఎవరైనా అంటే, మన రాష్ట్రంలో 2005 దాకా ఆగక్కర్లేదని చెప్పండి. ఆ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి పెళ్లి కాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. మీ పెళ్లి 2001లో. తర్వాత 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ పెళ్లితో సంబంధం లేకుండా కూతుళ్లందరికీ ఇచ్చింది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చేసింది. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. కట్నం ఇవ్వడమే 1961 నుంచి నేరం, దాన్ని వాటా కింద జమ కట్టడం ఎక్కడి న్యాయం?

---

సిద్దిపేట చెల్లె

అక్కా, నేను పెట్టిన సంతకం. నాకు బాధ లేదు. కానీ ఎట్ల పెట్టిన్నో చెప్త.

మాది గుంటల లెక్క. బాపు పోయినంక తమ్ముడు కాయితం పట్టుకొని మా ఇంటికే వచ్చిండు. నేను ఆ రోజు పెట్టలే. చాయ్ పోసి పంపిన. తర్వాత మా ఊరి దిక్కు గుంట ఎంత పోతుందో ఇద్దరు ముగ్గురిని అడిగిన. నా వాటాకు ఎంత వస్తదో తెల్ల కాయితం మీద రాసి, తమ్ముడి చేతిల పెట్టి, "నేను నీకు ఇచ్చేది ఇంత. ఊరికెనే వచ్చింది అనుకోకు" అన్న. ఆ కాయితం చూసినప్పుడు వాని ముఖం మారింది. వానికి గూడ అంతవరకు లెక్క తెల్వదు. "అక్కలు సంతకం పెడ్తరు" అనుకున్నడు అంతే.

ఎందుకు ఇచ్చిన్నంటే, వానికి ఇద్దరు ఆడపిల్లలు, సదువులు ఇంకా కాలేదు. మాకు దేవుని దయవల్ల గడుస్తుంది. అదొక్కటే కారణం. మా ఆయనకు కూడా అదే చెప్పిన, ఒప్పుకున్నడు.

మంది నాతోటి ఏమన్నరంటే, సంతకం పెడితే బతుకమ్మకు పిలుస్తరు, ఒడిబియ్యం పోస్తరు, పుట్టిల్లు పచ్చగ ఉంటది అని. అక్కా, దాని కోసం పెట్టకు. మొదటి పండుగకు కారు పంపిండ్రు. తర్వాత తర్వాత ఫోనే. వాళ్ల తిప్పలు వాళ్లవి. పిలుపుకు రిజిస్ట్రేషన్ ఉండదు. నేను పిల్లల కోసం ఇచ్చిన గనక పిలుపు తగ్గినా కడుపుల మంట లేదు. పిలుపు కోసం ఇచ్చి ఉంటే ఈపాటికి తమ్మునితోటి మాటలు బంద్ అయ్యేటివి.

---

ఆకివీడు రొయ్యల రైతు

తమ్ముడి వైపు నుంచి కూడా ఒకడు మాట్లాడాలి కదా. నేనూ అలాంటి తమ్ముణ్ణే, నాకు ఇద్దరు అక్కలు.

అక్కగారూ, ఒక్క పేరు మీద కావాలనడం ఆశ అనుకోకండి. ముగ్గురి పేర్ల మీద ఉంటే లోను తీసుకున్నప్పుడు, రెన్యువల్ చేసినప్పుడు, లిమిట్ పెంచినప్పుడు ముగ్గురూ రావాలి. అమ్మగారికి మోకాళ్లు, మీకు హైదరాబాద్, సెలవు దొరకదు. ఇక్కడ చెరువులో రొయ్యపిల్ల వేసే టైము దాటిపోతుంటుంది. ఊళ్లో ఉండి చేసేవాడి ఇబ్బంది బయట ఉన్నవాళ్లకి అర్థం కాదు. మా అక్కలు ఆస్పత్రికి యాపిల్స్ పట్టుకుని వచ్చి, "నాన్న సన్నబడిపోయారేంట్రా" అని నన్నడిగి వెళ్లేవారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మీరు అలాంటివారని కాదు. కానీ డయాలసిస్ ఖర్చులో మీ వంతు ఎంతో మీరు రాయలేదు.

ఇప్పుడు ఇదే నోటితో రెండో మాట. వనామీ అంటే చెరువులో కరెన్సీ నోట్లు వేసి ఏరియేటర్ తిప్పడమే. పంట బాగుంటే బాగుంటుంది. వైట్ స్పాట్ రోగం తగిలిందా, తెల్లారేసరికి రొయ్యలు గట్టు వెంట తేలతాయి. అర్ధాంతరంగా పట్టేస్తే మేత డబ్బులు కూడా రావు. రోగం లేకపోయినా ధర మన చేతిలో లేదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పోయినప్పుడు ఇక్కడ మేం కౌంటుకి కౌంటు (కౌంటంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య) ఎలా నష్టపోయామో మీ తమ్ముణ్ణే అడగండి, ఆయన చూసే ఉంటాడు. అలాంటి వ్యాపారానికి చెరువు తాకట్టు పెట్టడం మామూలే, అందరం పెట్టాం. అమ్మ పడుకునే ఇల్లు పెట్టకూడదు. లోను ఎంత, దేని మీద, ఎన్నేళ్లకి, ఈ మూడూ అడగకుండా మీరు సంతకం పెట్టినా పొరపాటే, పెట్టనన్నా పొరపాటే.

---

గోదారి ఆడపడుచు

రైతుగారూ, మీ మాట గుచ్చుకుంది. కానీ అడగాల్సిందే అడిగారు. నేను నెలకి ఆరు వేలు పంపేదాన్ని, మందులకి. డయాలసిస్ ఆరోగ్యశ్రీలో అయ్యేది. రానుపోను కారు, మధ్యలో ఐసీయూలో పెట్టినప్పటి బిల్లు, తమ్ముడు మానుకున్న జీతం, ఇవేవీ నా లెక్కలో లేవు. రాత్రి కూర్చుని ఎక్సెల్‌లో వేశాను. వాడి జీతమే పెద్ద అంకె. అది చూశాక వాటా మొత్తం పట్టుకుని కూర్చోవాలని అనిపించలేదు. అలాగని మొత్తం వదిలేయాలనీ అనిపించలేదు.

సిద్దిపేట చెల్లీ, నువ్వు చెప్పింది చదివి నన్ను నేను ప్రశ్నించుకున్నాను, నేను దేనికోసం పెడదామనుకుంటున్నానని. నిజం చెప్పాలంటే అమ్మ ఏడుస్తుందేమోనన్న భయంతో. ఆ ఒక్క కారణం తీసేస్తే ఏం మిగులుతుందో చూశాను. నాన్నకి వాడు చేసిన సేవ మిగిలింది. దానికి ఇవ్వడం నాకు ఇష్టమే. పెదనాన్న చెప్పిన పెళ్లి ఖర్చు కోసం ఇవ్వడం మాత్రం ఇష్టం లేదు. ఆ కట్నం నేను అడిగింది కాదు, నా చేతికి వచ్చింది కూడా కాదు.

ప్లీడరుగారికి ఒక ప్రశ్న. అమ్మ వాటా కూడా తమ్ముడికి వెళ్లిపోతే రేపు అమ్మకి ఏముంటుంది? తమ్ముడు చూడడని కాదు. వాడు చూస్తాడు. లోను మునిగితే వాడి చేతిలో కూడా ఉండదు కదా.

---

రాజమండ్రి ప్లీడరు

సరైన ప్రశ్న. అమ్మగారు ఇంట్లో తన వాటా తన పేరనే ఉంచుకోవడం అన్నిటికంటే మేలు. ఒకవేళ తమ్ముడికి రాసిచ్చినా, తన జీవితపర్యంతం అందులో ఉండే హక్కు తనకి ఉంచుకుని రాయాలి. అలా రాస్తే ఆవిడ ఉన్నంతకాలం ఎవరూ కదపలేరు.

2007 నాటి వయోవృద్ధుల చట్టంలో 23వ సెక్షన్ ఒకటి ఉంది. పోషించాలనే షరతు మీద ఆస్తి రాసిచ్చి, పుచ్చుకున్నవాళ్లు పోషించకపోతే ట్రిబ్యునల్ ఆ దస్తావేజుని రద్దు చేయొచ్చు. మన దగ్గర ఆ ట్రిబ్యునల్ అంటే ఆర్డీవోగారే. ఇబ్బంది ఎక్కడంటే, చాలామంది ఆ షరతు దస్తావేజులో రాయించుకోరు. "కొడుకు దగ్గర షరతేంటి" అని మొహమాటపడతారు. తర్వాత నా దగ్గరికి వచ్చి ఏడుస్తారు. ఒక్క వాక్యమే అమ్మా, రాయించండి.

---

గోదారి ఆడపడుచు

అప్‌డేట్ ఇస్తున్నాను.

నిన్న తమ్ముడితో గంటసేపు మాట్లాడాను. ముందు ఇల్లు గురించే అడిగాను. "రైటరు ఆస్తులన్నీ చెప్పమన్నాడు, చెప్పాను" అన్నాడు. నమ్మాను. లోను సంగతి అడిగితే ఇంకా శాంక్షనే కాలేదు. మేనేజరు నోటిమాటగా చెప్పాడట. మరి స్లాట్ తొందరేంటిరా అంటే, "అందరూ ఉంటారు కదా, మళ్లీ నువ్వెప్పుడొస్తావో" అన్నాడు. అందులో నన్నెత్తిపొడిచిందీ ఉంది, నిజమూ ఉంది.

వాడికి నేను చెప్పింది ఇది. తాతగారి రెండెకరాల్లో నా వాటా ఎంతైనా సరే, తమ్ముడికి రాసిస్తాను. రూపాయి వద్దు. "నాన్నకి చేసిన సేవకి మెచ్చి" అని దస్తావేజులోనే రాయిస్తాను, పెళ్లి ఖర్చు ప్రస్తావన ఉండకూడదు. నాన్న కొన్న ఎకరంన్నర మాత్రం ముగ్గురి పేర్ల మీదే ఉంటుంది. లోను రెండెకరాల మీద తెచ్చుకోవాలి. ఎకరంన్నర వాడే చేసుకోవచ్చు, నా 50 సెంట్లకి ఊళ్లో నడిచే లీజు ఇవ్వాలి. మా అబ్బాయి ఫీజుకి అది ఎంతోకొంత ఆసరా. ఇంట్లో నాకు వచ్చేది ఉంటే అమ్మకి వదిలేస్తాను, ఇల్లు అమ్మ పేరు మీదే ఉండాలి. పైగా స్లాట్ రద్దు చేయమన్నాను. నాన్న సంవత్సరీకానికి వచ్చి, మర్నాడు రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్ర వేయడం నా వల్ల కాదన్నాను.

"నీ మరదలితో మాట్లాడి చెప్తాను" అని పెట్టేశాడు. ఇంకా చేయలేదు. అమ్మ చేసి, "అంత లెక్కగా మాట్లాడావట" అంది. నేను అకౌంటెంట్‌నమ్మా అన్నాను, నవ్వలేదు. మా వారేమో రెండెకరాల్లోది ఊరికే ఇచ్చేస్తున్నానని మొహం మాడ్చుకుని కూర్చున్నారు. ఇద్దరికీ నచ్చలేదంటే కాస్త మధ్యలోనే ఉన్నానేమో. ఏమైనా నేను మార్చుకోను. వాడు ఒప్పుకుంటే చేద్దాం, లేకపోతే ముగ్గురి పేర్ల మీదే ఉండనీ.

రైటరుగారూ, ఒప్పుకున్నాడనే అనుకుందాం. ఏది ముందు, ఏది వెనక చేయించాలి?

---

తణుకు రైటర్

ముందు మండలాఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, దాన్ని పెట్టి ముగ్గురి పేర్ల మీదకి మ్యుటేషన్, అంటే రెవెన్యూ రికార్డుల్లో పేర్ల మార్పు. ఆ రికార్డులైన అడంగల్‌లో, 1బీలో మీ పేర్లు ఎక్కాయో లేదో కళ్లారా చూసుకోండి. ఈసీ (ఆస్తి మీద ఇదివరకు రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) పాతకాలం నుంచీ తీయించండి. ఆ తర్వాతే మీరు రాసిచ్చే దస్తావేజు. ఇంటి కాగితం విడిగా రాయించండి, ఒకే దస్తావేజులో కలపొద్దు. మీరు చెప్పే "సేవకి మెచ్చి" అనే మాట రాయొచ్చు, ఏ రైటరూ కాదనడు. ఎకరంన్నర లీజు కూడా తెల్లకాగితం మీద వద్దు.

ఇంకొకటి. రెండెకరాలూ ఎకరంన్నరా ఇప్పుడు ఒకే చెరువుగా తవ్వేశారా, మధ్యలో గట్టు ఉందా? మా వైపు చాలామంది లీజుదారులు మధ్య గట్లు కొట్టేసి ఒకటే చేసేస్తారు. గట్టు లేకపోతే బ్యాంకుకి పెట్టేది ఏదో, పెట్టనిది ఏదో కాగితం మీదే తప్ప నేల మీద తేలదు. ఇప్పుడు లీజు అయిపోయింది, నీళ్లు తోడేసి ఉంటారు. తమ్ముడు మళ్లీ నీళ్లు పెట్టకముందే సర్వేయర్ని పిలిపించి రాళ్లు వేయించండి. సర్వే రోజున మీరు కూడా ఉంటే మంచిది, ఆదివారం చూసుకోమనండి.